పాత ఎయిర్ గన్: పెల్లెట్లు చెదురుతున్నాయి, పొగ వస్తోంది. గట్టి స్ప్రింగు వేస్తే సరిపోతుందా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. 0.177 అంగుళం (4.5 మి.మీ.) ఎయిర్ గన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బ్యారల్ మడిచి స్ప్రింగు ఎక్కించే మామూలు రకం. టేకు చెక్క, ఓపెన్ సైట్లు (గురి చూసే గాడి, ముల్లు), పిస్టన్‌కి తోలు వాషరు. పెరట్లో 10 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్ కొట్టుకోవడానికే, ఇంకే పనికీ కాదు.

ఇబ్బందులు ఇవీ. మూడు పెల్లెట్లు ఒకచోట పడితే నాలుగోది 5 సెం.మీ. పక్కకి పోతోంది. ఒక్కోసారి ఢామ్మని పెద్ద చప్పుడొచ్చి బ్యారల్లోంచి నీలం పొగ వస్తోంది, ఆ తర్వాత కొట్టినవి మెత్తగా పోతున్నాయి. బ్యారల్ మడిచి వదిలేస్తే దానంతటదే వేలాడిపోతోంది. కొట్టిన ప్రతిసారీ లోపల స్ప్రింగు కాసేపు మోగుతోంది. ట్రిగ్గర్ చాలా బరువు. అమ్మినాయన నెలకోసారి గాలి రంధ్రంలో (పిస్టన్ దగ్గర్నుంచి బ్యారల్లోకి గాలి వెళ్ళే దారి) కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వెయ్యమన్నాడు, అలాగే వేస్తున్నాను.

తెలిసిన మెకానిక్ ఒకాయన గట్టి స్ప్రింగు వేసేస్తే అన్నీ సర్దుకుంటాయంటున్నాడు. నిజమేనా? 1500 రూపాయల లోపు ఇంటి దగ్గరే ఏమేం చేసుకోవచ్చో, ఏ వరసలో చెయ్యాలో చెప్పండి.


లేత్_మాస్టారు (విజయనగరం)

తమ్ముడూ, స్ప్రింగు మాట ఇప్పుడే వద్దు. నువ్వు రాసినవాటిలో ఒక్కటి కూడా బలం చాలక వచ్చింది కాదు. మరలు వదులు, గాలి కారడం, వెయ్యకూడని నూనె, అంతే. వదులుగా ఉన్న గన్‌లో గట్టి స్ప్రింగు వేస్తే ఆ వదులు ఇంకా పెరుగుతుంది.

ముందు నూనె ఆపెయ్. పిస్టన్ ముందుకు దూసుకొచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా నొక్కుకుని విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏది ఉన్నా డీజిల్ ఇంజన్లో లాగే అంటుకుంటుంది. నీకొచ్చే ఢామ్, నీలం పొగ అదే. ఆ పేలుడు పిస్టన్‌ని వెనక్కి తంతుంది, తోలు అంచు మాడుతుంది, స్ప్రింగు విరుగుతుంది. నూనె ఉన్నప్పుడొక వేగం, కాలిపోయాక ఇంకో వేగం. పెల్లెట్లు పైకీ కిందికీ చెదరడానికి సగం కారణం ఇదే.

ఏ పని మొదలుపెట్టినా గన్ ఖాళీగా ఉందో లేదో చూసుకో. బ్యారల్ మడిచి ఉన్నంతసేపూ ఒక చెయ్యి బ్యారల్‌ని గట్టిగా పట్టుకునే ఉండాలి. ట్రిగ్గర్ కొక్కెం జారిందంటే బ్యారల్ కొరడాలా మూసుకుంటుంది, సందులో వేలుంటే తెగుతుంది. ఎక్కించిన గన్‌ని ఎప్పుడూ విప్పకూడదు.

చెక్క మరలతో మొదలుపెట్టు. ముందు భాగంలో అటొకటి ఇటొకటి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. స్ప్రింగు గన్ దెబ్బ రెండు వైపులా ఉంటుంది. ముందు వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు గుంజుతుంది. అందుకే ఈ మరలు ఊరికే వదులవుతాయి. మూడు ఒకచోట పడి నాలుగోది పక్కకి పోవడానికి మొదట అనుమానించాల్సింది వీటినే. అన్నీ ఊడదీసి, మర దారాలకూ రంధ్రాలకూ పట్టిన నూనెని పెట్రోలుతో కడిగి ఆరబెట్టు. ఒక్కో మరకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క చాలు, లాక్‌టైట్ 243 లాంటిది. ఎరుపుది వద్దు, వేడి చేస్తే గానీ ఊడదు. ముందు రెండూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించు, ఆఖర్న గార్డు మర.

మర తల చెక్కలోకి దిగిపోతోందంటే అక్కడి చెక్క నలిగిపోయిందన్నమాట. ఇంకా బిగిస్తే పగులుతుంది. తల కింద ఇత్తడి కప్పు వాషరు వెయ్యాలి. ఇంకా మంచి పని కావాలంటే మర పట్టేంత లోపలి కొలత ఉన్న ఇత్తడి గొట్టం ముక్కని అక్కడి చెక్క మందానికి సరిగ్గా కోసి, రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి ఆరాల్డైట్‌తో దింపు. అప్పుడు మర ఇత్తడిని నొక్కుతుంది గానీ చెక్కని కాదు. వానాకాలంలో చెక్క ఉబ్బినా ఎండాకాలంలో కుంగినా బిగింపు మారదు.

తర్వాత బ్యారల్ ఇరుసు. సగం మడిచి వదిలినప్పుడు బ్యారల్ ఎక్కడుంటే అక్కడే నిలబడాలి, తనంతట తాను జారకూడదు. ఇరుసు బోల్టుకి పక్కన చిన్న లాక్ మర ఉంటే ముందు దాన్ని తీసి, బోల్టుని పావు చుట్టు చొప్పున బిగిస్తూ చూడు. పూర్తిగా బిగించినా పక్కలకి ఊగుతోందంటే లోపలి వాషర్లు అరిగాయి. 0.1 మి.మీ. ఇత్తడి షిమ్ రేకు (సందు పూడ్చే పలచటి రేకు) తెచ్చి కత్తెరతో వాషరు ఆకారంలో కోసి రెండు వైపులా వెయ్యి. ఒక్క వైపే వేస్తే బ్యారల్ పక్కకి జరుగుతుంది.

బ్యారల్ మూసుకునే చోట గాలి కారుతోందో లేదో తెలుసుకోవడానికి సన్నటి టిష్యూ కాగితం పీలికని ఆ అతుకు మీద అడ్డంగా పరిచి, పెల్లెట్ పెట్టి కొట్టు. కాగితం ఎగిరిందంటే ఆ అతుకులోని వాషరు పోయింది. ఈ మూడూ చూసి ఏం తేలిందో ఇక్కడ రాయి, అప్పుడు పిస్టన్ సంగతి చెప్తాను.


పది_మీటర్లు (విజయనగరం)

మాస్టారు చెప్పినదానికి తోడుగా కొట్టే పద్ధతి, బ్యారల్ సంగతి నేను చెప్తాను. ఈ రెండూ చూసుకోకుండా గన్ బాగైందో లేదో తేల్చలేం.

స్ప్రింగు గన్‌ని గట్టిగా పట్టుకోకూడదు. పెల్లెట్ ఇంకా బ్యారల్లో ఉండగానే గన్ కదలడం మొదలుపెడుతుంది. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా జరగాలంటే దాన్ని ఆపే ప్రయత్నం చెయ్యకూడదు. ముందు చెయ్యి తెరిచిన అరచేతిలా ఉంచి, వేళ్ళు చుట్టకుండా, చెక్కని దాని మీద ఊరికే ఆనించాలి. భుజానికి మెత్తగా తగిలితే చాలు. ఇసుక సంచి మీద నేరుగా పెట్టి కొడితే పెల్లెట్లు వేరేచోట పడతాయి. సంచి మీద చెయ్యి, చేతి మీద గన్.

బ్యారల్ లోపల శుభ్రం చెయ్యడానికి ఇనుప కడ్డీ వాడొద్దు. గాలానికి వాడే లావుపాటి నైలాన్ తీగ ఒక మీటరున్నర తీసుకుని రెండుగా మడిచి, మడతలో చిన్న నూలు గుడ్డ ముక్క పెట్టి, వెనక నుంచి మూతి వైపు లాగాలి. ఎప్పుడూ ఆ వైపుకే. మూతి అంచు మీద గీత పడితే పెల్లెట్ వెనక నుంచి గాలి ఒక పక్కనే ముందుగా బయటపడి దాన్ని తోసేస్తుంది. సిరిమాను జాతర లాంటి చోట్ల బెలూన్ స్టాళ్ళలో నలిగి వచ్చే గన్‌లలో సీసం గారలా పేరుకుని ఉంటుంది. గుడ్డ నల్లగా రావడం తగ్గేదాకా పది, పదిహేను ముక్కలు లాగాల్సి రావచ్చు. శుభ్రం చేశాక మొదటి పది పెల్లెట్లు ఎక్కడ పడినా లెక్కలోకి తీసుకోవద్దు. బ్యారల్ మళ్ళీ పలచగా సీసం పట్టి కుదురుకోవాలి.

మూతి అంచు పరీక్షకి చెవి పుల్ల చాలు. దూదిని అంచు చుట్టూ లోపలి నుంచి బయటికి తిప్పు. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ ముల్లు లేచి ఉంది. దాన్ని తీయడానికి గుండ్రటి తల ఉన్న ఇత్తడి మర ఒకటి, మోటార్ సైకిల్ మెకానిక్‌ల దగ్గర దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు సన్నరకం కొంచెం కావాలి. ముందు మూతి లోపల 3 సెం.మీ. లోతున గ్రీజు పూసిన గుడ్డ బిరడాలా దూర్చు, రాపిడి పొడి లోపలికి పోకూడదు. మరని చేతి డ్రిల్లులో బిగించి, తలకి పేస్టు పూసి, మూతి మీద ఆనించి, నెమ్మదిగా తిప్పుతూ డ్రిల్లుని కూడా గుండ్రంగా ఊపు. ఊపకపోతే ఒక పక్కే అరుగుతుంది. పది సెకన్లకోసారి తుడిచి చూడు. అంచు చుట్టూ ఒకే వెడల్పున మెరిసే సన్నటి ఉంగరం కనబడగానే ఆపెయ్. గుడ్డ బిరడాని మూతి వైపు నుంచే బయటికి లాగి, పేస్టు ఇసుమంత కూడా మిగలకుండా కడుగు.

పెల్లెట్ల మీద పొదుపు చెయ్యకు. చవక డబ్బాలో పావుకిలో కొనే బదులు మూడు రకాలు కొంచెం కొంచెం తెచ్చి ఒక్కోదానితో పదేసి కొట్టి చూడు. తల కొలత 4.49 నుంచి 4.52 మి.మీ. దాకా వేర్వేరుగా వస్తాయి. వేలితో తోస్తే కాస్త బిగువుగా వెళ్ళి బ్యారల్ అంచుతో సమంగా కూర్చోవాలి. జారిపోయేది, అంచు బయటికి మిగిలేది, రెండూ వద్దు. పాత డబ్బాల్లో నొక్కుకుపోయిన పావడా (పెల్లెట్ వెనక వెడల్పు అంచు) ఉన్నవాటిని ఏరి పారెయ్.

10 మీటర్ల రైఫిల్ కార్డులో పది పాయింట్ల చుక్క 0.5 మి.మీ. మాత్రమే. అది డయాప్టర్ సైట్లున్న (చిన్న రంధ్రంలోంచి గురి చూసే) పోటీ రైఫిళ్ళ కోసం. నీకు 10 మీటర్ల పిస్టల్ కార్డు నప్పుతుంది. పది పాయింట్ల వలయం 11.5 మి.మీ., నల్ల భాగం 59.5 మి.మీ. ఓపెన్ సైట్‌కి చక్కగా కనబడుతుంది.

వెనక సైటుని ఎటు జరిపితే పెల్లెట్ అటే జరుగుతుంది. ఎంత జరపాలంటే: పక్కకి పడ్డ దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో హెచ్చవేసి టార్గెట్ దూరంతో భాగించు. సైట్ల మధ్య 40 సెం.మీ. ఉండి, 10 మీటర్ల దగ్గర 25 మి.మీ. ఎడమకి పడుతోంటే, వెనక సైటు 1 మి.మీ. కుడికి జరగాలి.

చవక టెలిస్కోప్ కొనొద్దు. మామూలు రైఫిల్ స్కోపు వెనక్కి తన్నే దెబ్బకే తయారవుతుంది. స్ప్రింగు గన్ ముందుకు గుంజినప్పుడు లోపలి అద్దాలు వదులవుతాయి. పైగా మీ సైట్లు రెండూ బ్యారల్ మీదే ఉన్నాయి కాబట్టి ఇరుసు వెంట్రుకవాసి తేడాగా కూర్చున్నా చూపు కూడా బ్యారల్‌తోపాటే కదులుతుంది. స్కోపు సిలిండర్ మీద కూర్చుంటుంది, ఆ సదుపాయం పోతుంది.


నాగావళి_ఒడ్డు

మాస్టారూ, అన్నీ చూశాను. ముందు మరలు రెండూ చేత్తో తిప్పితే తిరిగేంత వదులు. కడిగి, నీలం థ్రెడ్‌లాకర్ వేసి బిగించాను. ఇరుసు బోల్టు బిగిస్తే బ్యారల్ ఇప్పుడు సగంలో నిలబడుతోంది, పక్క ఊపు లేదు. టిష్యూ పీలిక మాత్రం ఎగిరి అవతల పడింది. అతుకు దగ్గరున్నది రబ్బరు ఓ-రింగు, చదునుగా అణిగిపోయింది. గాలి రంధ్రంలో టార్చి వేసి చూస్తే లోపల నల్లటి మసి. పిస్టన్ విప్పక తప్పదనుకుంటున్నాను. ఎలా?


లేత్_మాస్టారు

ఓ-రింగుకి హైడ్రాలిక్ హోసులు బిగించే షాపుకి వెళ్ళు. పాతది అణిగిపోయింది కాబట్టి దాని కొలత పనికిరాదు. గాడి బయటి వ్యాసం, లోపలి వ్యాసం, లోతు వెర్నియర్‌తో కొలుచుకుని వెళ్ళు. గాడి లోతు కంటే రింగు మందం 0.2 మి.మీ. ఎక్కువుండాలి, నైట్రైల్ రబ్బరు, 70 గట్టిదనం. సరైనది దొరక్కపోతే కొంచెం సన్నదే తీసుకుని గాడి అడుగున కూల్‌డ్రింక్ టిన్ను రేకు ఉంగరంలా కోసి వెయ్యి. ఆ రేకు సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. మరీ ఎత్తైతే బ్యారల్ పూర్తిగా మూసుకోదు, లాక్ సగంలో ఆగుతుంది, ప్రతి దెబ్బా వేరే ఎత్తులో పడుతుంది. కాగితం కదలకపోవడం, లాక్ టక్కున పడడం, రెండూ జరిగితేనే సరైన ఎత్తు.

ఇక పిస్టన్. ఇక్కడ తొందరపడ్డావంటే మొహం పగులుతుంది. గన్ ఎక్కించకపోయినా లోపల స్ప్రింగు 5 నుంచి 10 సెం.మీ. దాకా నొక్కుకునే ఉంటుంది. వడ్రంగులు తలుపు చట్రాలు బిగించే పొడవాటి క్లాంపు ఒకటి ఉంటుంది. నాలుగడుగులది కొననక్కర్లేదు, ఏ వడ్రంగి షెడ్లోనైనా ఒక పూటకి ఇస్తారు. చెక్క విప్పి, బ్యారల్, స్ప్రింగు ఎక్కించే లివరు తీసేసి, సిలిండర్‌ని క్లాంపులో పడుకోబెట్టు. వెనక మూత మీద గట్టి చెక్క దిమ్మ అడ్డం పెట్టి కొద్దిగా నొక్కు. మూతని పట్టుకున్న పిన్ను మీద బరువు తగ్గగానే అది వేళ్ళతోనే ఊడుతుంది. సుత్తి అవసరమైతే ఇంకా సరిగ్గా నొక్కలేదని అర్థం. పిన్ను తీశాక క్లాంపు మరని నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ స్ప్రింగుని పూర్తిగా సాగనివ్వు. ప్రతి అడుగునా ఫోన్లో ఫొటో తీసుకో, ట్రిగ్గర్ ముక్కలు ఏది ఎటు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు.

తోలు వాషరు సైకిలు పంపులో ఉండేదాని లాంటిదే, గిన్నె ఆకారం. నోరు ముందుకి ఉంటుంది, గాలి నొక్కుకున్నప్పుడు అంచు బయటికి విచ్చుకుని సిలిండర్ గోడకి అతుక్కుంటుంది. అంచు ఎండిపోయి పెచ్చులూడితే కొత్తది చేసుకోవడం తేలిక. చెప్పులు కుట్టేవారి దగ్గర అడుగు వేసే గట్టి తోలు 3 మి.మీ. మందంది అడుగు. కోసిన చోట గోధుమరంగు ఉండాలి. నీలంబూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్ తోలు, ఆకారం నిలవదు.

సిలిండర్ లోపలి వ్యాసం 25 మి.మీ. అనుకుందాం. లేత్ షాపులో రెండు ముక్కలు చేయించు: 25 మి.మీ. రంధ్రం ఉన్న ఇనుప రింగు, 19 మి.మీ. గుండ్రటి దిమ్మ మధ్యలో బోల్టు రంధ్రంతో. రెండు వైపులా 3 మి.మీ. తోలు పట్టాలి కాబట్టి 25లోంచి 6 తీసేశాం. నీ కొలత వేరైతే అదే లెక్క. తోలుని 40 మి.మీ. బిళ్ళగా కోసి, గోరువెచ్చని నీళ్ళలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, రింగు మీద పరిచి, దిమ్మతో లోపలికి దింపి బోల్టు బిగించు. నీడలో రెండు రోజులు. ఎండలో పెడితే ముడుచుకుని పగులుతుంది. తీశాక అంచుని కొత్త బ్లేడుతో సమంగా కోసి, బయటి వైపు 240, తర్వాత 400 నంబరు ఎమరీ కాగితంతో అరగదీస్తూ సిలిండర్లో సరిచూడు.

బిగువు ఎంతుండాలో చేత్తోనే తెలుస్తుంది. స్ప్రింగు లేకుండా పిస్టన్‌ని సిలిండర్లో పెట్టి తోస్తే వేలితో పోవాలి. గాలి రంధ్రాన్ని బొటనవేలితో మూసి తోస్తే మధ్యలో ఆగి, వదలగానే వెనక్కి రావాలి. వెనక్కి రాలేదంటే గాలి కారుతోంది. అరచేత్తో గుద్దితే గానీ పోలేదంటే మరీ బిగువు, వేగం పడిపోతుంది.

వాషరుని పట్టే మర తల గిన్నె అంచు కంటే లోపలే ఉండాలి, లేకపోతే సిలిండర్ ముందు గోడకి గుద్దుకుంటుంది. ఆ మరకీ నీలం చుక్క వెయ్యి. బిగించే ముందు వాషరుని నీట్స్‌ఫుట్ నూనెలో (తోలు మెత్తబరిచే నూనె) రాత్రంతా ఉంచి, పొద్దున్న గుడ్డతో గట్టిగా ఒత్తి తుడువు. అది దొరక్కపోతే ట్రెడ్‌మిల్ బెల్టుకి వేసే నూరు శాతం సిలికాన్ నూనె. తోలుకి తడి కావాలి గానీ గాలి గదిలో నూనె మిగలకూడదు. సిలికాన్‌ని తోలుకి తప్ప వేరే చోట వాడకు, ఇనుముకీ ఇనుముకీ మధ్య అది నిలబడదు.

ఎక్కువమంది కొత్త వాషరుని పాడుచేసేది ఆఖర్న బిగించేటప్పుడే. సిలిండర్‌కి లివరు నడిచే పొడవాటి గాడి ఉంటుంది, చవక గన్లలో దాని అంచులు బ్లేడులా ఉంటాయి. సన్న ఆకురాయితో, తర్వాత 400 కాగితంతో ఆ అంచుల పదును చంపి, రజను మొత్తం కడిగేయాలి. అయినా సరే, పాత ఎక్స్‌రే ఫిల్ముని గొట్టంలా చుట్టి గాడి కప్పేలా లోపల పెట్టి, దాని మీదుగా పిస్టన్ జార్చి, ఆ తర్వాత ఫిల్ము లాగెయ్. అంచుకి గీత కూడా పడదు.

స్ప్రింగుని అద్దం మీద దొర్లించి చూడు. ఎగిరెగిరి దొర్లితే వంగింది, మార్చాల్సిందే. అదే పొడవు, అదే తీగ మందం ఉన్నది వెయ్యి. చక్కగా దొర్లితే కొత్తది పక్కన పెడితే సెంటీమీటరు తగ్గినా పరవాలేదు. రెండు చివర్లూ 400 కాగితం మీద నున్నగా చెయ్యి. మోత రావడానికి కారణం లోపలి గైడ్ సన్నగా ఉండి స్ప్రింగు దాని మీద ఊగడం. నైలాన్ కడ్డీ నుంచి కొత్త గైడ్ తిప్పించు, బయటి కొలత స్ప్రింగు లోపలి కొలత కంటే 0.1 మి.మీ. మాత్రమే తక్కువ. చేత్తో తిప్పితే స్ప్రింగు దాని మీద బిగువుగా తిరగాలి. స్ప్రింగు నొక్కుకున్నప్పుడు కాస్త లావెక్కుతుంది కాబట్టి పట్టేయదు. సాలూరు లారీ బాడీ షెడ్ల పక్క లేత్ షాపుల్లో కూడా ఈ పని చేస్తారు, చిన్న ముక్కే కాబట్టి ఎక్కువ తీసుకోరు.

బిగించేటప్పుడు పిస్టన్ వెనక సగానికి, స్ప్రింగు చివర్లకి, లివరు కొనకి, ఇరుసు వాషర్లకి మాలిబ్డినం గ్రీజు పలచగా. స్ప్రింగు చుట్ల మీద చిక్కటి జిగురు గ్రీజు ఒక పొర, మోత అక్కడే చచ్చిపోతుంది. వాషరు ముందు మాత్రం ఏ గ్రీజూ తగలకూడదు.


జీడితోట_పలాస

మాస్టారూ, బాగా చెప్పారు. నాకు వేరే సందేహం. మా తోటలో కోతుల బెడద ఎక్కువ. ఇదే రకం గన్‌కి గట్టి స్ప్రింగు వేస్తే దూరం నుంచే పనవుతుంది కదా?


పది_మీటర్లు

అన్నయ్యా, ఆ పని చెయ్యొద్దు. ముందు లెక్క చూడండి. ఆయుధాల నియమాలు 2016 ప్రకారం బ్యారల్ రంధ్రం 0.177 అంగుళం దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కే లైసెన్సు అక్కర్లేదు. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 200 మీటర్లు పోతే 10.6 జౌల్స్, 240 పోతే 15.3, 275కి చేరితే సుమారు 20. గట్టి స్ప్రింగుతో తేలికపాటి పెల్లెట్ వేస్తే ఈ గీత దాటే అవకాశం ఉంది. దాటిందంటే మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం.

రెండోది, 4.5 మి.మీ. పెల్లెట్ కోతిని ఆపదు, ఒంట్లో దిగి చీము పడుతుంది. రోజుల తరబడి నరకం. జంతు హింస నివారణ చట్టం 1960 కింద అది నేరం. కొంగల మీద, పిట్టల మీద కొట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద ఇంకా పెద్ద నేరం. తేలినీలాపురం, తేలుకుంచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వలస పక్షుల్ని ఇంటి బిడ్డల్లా కాపాడుకుంటున్న జిల్లా మీది. ఎయిర్ గన్ కాగితానికే. కోతులకి చప్పుడు, కాపలా కుక్క, తోట అంచున చెట్టు కొమ్మలు కొట్టించి దారి తెంపడం.


టెక్కలి_తోట

తుప్పు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి నీలం పూత ఉన్న ఇనుము వారంలో చుక్కలు పడుతుంది, అందులోనూ చెమట చేతి ముద్రలున్నచోట. పని అవగానే పైభాగమంతా నూనె గుడ్డతో తుడవాలి. ఇక్కడ కుట్టుమిషన్ నూనె పరవాలేదు, బయట మాత్రమే. తుప్పు చుక్కల మీద ఎమరీ కాగితం పెడితే నీలం పూత లేచిపోతుంది. నూనెలో ముంచిన 0000 నంబరు స్టీల్ ఊల్‌తో మెత్తగా రుద్దితే చుక్క పోతుంది, పూత ఉంటుంది.

స్పాంజి ఉన్న రెక్సిన్ కవరులో వానాకాలమంతా పెట్టకండి, తేమ పట్టి ఉంచుతుంది. నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి, గాలి ఆడేచోట నిలబెట్టండి. ఎక్కువకాలం వాడకపోతే బ్యారల్ లోపల నూనె గుడ్డ ఒకసారి లాగి ఉంచి, మళ్ళీ కొట్టే ముందు పొడి గుడ్డ రెండుసార్లు లాగాలి, లేకపోతే మళ్ళీ పొగే.

చెక్కకి అవిసె నూనె పలచగా రాసి, పావుగంట ఆగి పూర్తిగా తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్ళీ. మూడు పూతలు చాలు. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరేయండి.


నాగావళి_ఒడ్డు

వాషరు, ఓ-రింగు, గైడ్ అయ్యాయి మాస్టారూ. టిష్యూ ఇప్పుడు కదలడం లేదు, మోత పోయింది. ట్రిగ్గర్ ఒక్కటీ మిగిలింది. కొక్కేన్ని కొంచెం ఆకురాయితో అరగదీస్తే తేలికవుతుందంటున్నారు.


లేత్_మాస్టారు

ఆకురాయి దాని దగ్గరికి కూడా తీసుకెళ్ళకు. ఆ కొక్కెం పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటుంది, లోపల మెత్తటి ఇనుము. పైపొర పోయాక మొదటి రోజు తేలిగ్గానే ఉంటుంది, తర్వాత రోజురోజుకీ అరిగి ఒకరోజు దానంతటదే పేలుతుంది. స్ప్రింగు చుట్లు కోయడం కూడా అలాంటిదే.

ట్రిగ్గర్ ముక్కల్ని పెట్రోలుతో కడుగు, పాత గ్రీజు గట్టిపడి ఉండడమే సగం బరువు. కొక్కెం కలిసే అంచుకి మాలిబ్డినం గ్రీజు అగ్గిపుల్ల కొనతో పెట్టు. పిన్ను చుట్టూ ట్రిగ్గర్ పక్కలకి ఊగుతోంటే రెండు వైపులా సన్న వాషర్లు. సర్దుబాటు మర ఉంటే పావు చుట్టు చొప్పున. ఇంతకంటే తేలిక కావాలంటే ఆ గన్ దానికి కాదు.

ప్రతి మార్పు తర్వాత ఒక పరీక్ష: పెల్లెట్ పెట్టి, బ్యారల్ మూసి, మూతి ఇసుక బకెట్ వైపు ఉంచి, రబ్బరు సుత్తితో బట్ (చెక్క వెనక భాగం) మీద నాలుగు వైపులా తట్టు. పేలిందంటే మర వెనక్కి తిప్పు. పెల్లెట్ ఎందుకంటే, అది లేకుండా పేలితే పిస్టన్ ముందు గాలి మెత్త ఉండదు, నేరుగా గోడకి గుద్దుకుంటుంది. సరదాకి కూడా ఖాళీగా కొట్టకు, ఎక్కించి గంటల తరబడి వదిలెయ్యకు.


నాగావళి_ఒడ్డు

అలాగే మాస్టారూ. తోలుకి మళ్ళీ నూనె ఎప్పుడు వెయ్యాలి? టార్గెట్ వెనక ఏం పెట్టాలి? ఇప్పుడు ప్లైవుడ్ ముక్క ఉంది.


పది_మీటర్లు

ప్లైవుడ్ ఈరోజే తీసేయండి, చదును తల పెల్లెట్ వెనక్కి ఎగిరి కంటికి తగులుతుంది. 30 సెం.మీ. లోతున్న చెక్కపెట్టెలో పాత గుడ్డలు కుక్కి, వెనక 3 మి.మీ. ఇనుప రేకు. కళ్ళద్దాలు తప్పనిసరి. సీసం కాబట్టి తినే ముందు సబ్బుతో చేతులు.


లేత్_మాస్టారు

కొత్త వాషరు మొదటి యాభై పెల్లెట్లకి కుదురుకుంటుంది, అప్పటిదాకా సైటు ముట్టుకోకు. తర్వాత తడి బంకమన్ను ముద్ద మీద మూడు మీటర్ల నుంచి అయిదు పెల్లెట్లు కొట్టి లోతు అగ్గిపుల్లతో కొలిచి రాసిపెట్టుకో. అయిదూ ఒకే లోతుకి దగ్గరగా ఉంటే గాలి నిలుస్తోంది. లోతు తగ్గుతున్నట్టు కనబడినప్పుడే సిలికాన్ నూనె రెండు చుక్కలు గాలి రంధ్రంలో వేసి, మూతి పైకి పెట్టి రాత్రంతా నిలబెట్టు. నెలకోసారి అని లెక్క పెట్టుకోకు. చెక్క మరలు మాత్రం ప్రతి రెండు వందల పెల్లెట్లకోసారి చూడు, తుఫాను ముసురు వారాల తర్వాత ఇంకోసారి.